మా పెద్దమ్మ నిషేధించిన మాట

మా పెద్దమ్మ ఇంట్లో ‘వదులు’ అనే మాట లేదు. చొక్కా పెద్దదైతే ‘లూజుగా ఉంది’ అనాలి. ఎవరైనా చెయ్యి పట్టుకుంటే ‘తియ్యి’ అనాలి. తలుపు గడియ కదులుతుంటే ‘బిగుతు లేదు’ అనాలి. ఒకసారి ఖాకీ కోటు కుట్టించుకోవడానికి వెళితే, దర్జీ కొలతలు తీస్తూ “చంకల దగ్గర కొంచెం వదులు ఉంచమంటారా అమ్మా?” అని అడిగాడట. పెద్దమ్మ ఆయన టేపు ఆయన చేతిలో పెట్టి, గుడ్డ చుట్టుకుని వచ్చేసింది. తను చేసిన తప్పేమిటో పాపం ఆయనకి ఇప్పటికీ తెలియదు.

చిన్నప్పుడు దీన్ని చాదస్తం అనుకునేదాన్ని. పెద్దయ్యాక, ఆమె పనిచేసే షెడ్డులోనే స్టోరు కిటికీ వెనక కూర్చుని బోల్టులూ వాషర్లూ అందించే ఉద్యోగంలో చేరాక, ఆ ఒక్క మాట ఒక మనిషిని పద్దెనిమిదేళ్లు ఎలా నమిలిందో అర్థమైంది. అందుకే ఇది రాస్తున్నాను. నాకు కోపం ఎక్కువ, ముందే చెబుతున్నాను. ఎవరినైనా ఒక మాట ఎక్కువ అంటే సర్దుకుపోండి.

మాది వ్యాన్ల షెడ్డు. గుట్ట మీద ఉన్న ఫ్యాక్టరీకి మూడు షిఫ్టుల పనివాళ్లని ఎక్కించి దించే వ్యాన్లు పద్నాలుగు. ఎక్కేటప్పుడు ఇంజను పని, దిగేటప్పుడు బ్రేకు పని. ఇంజను మొరాయిస్తే బండి ఆగిపోతుంది, తిట్టుకుంటూ నడిచి వెళ్లొచ్చు. బ్రేకు మొరాయిస్తే తిట్టుకోవడానికి మనం ఉండాలిగా. మా పెద్దమ్మ పని బ్రేకులు, క్లచ్చులు. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, వాటి పైపుల్లో చేరిన గాలిని బయటికి తీయడం.

తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు చెబుతాను. పెడల్ నుంచి చక్రం దాకా సన్నటి పైపు ఉంటుంది. దాని నిండా ఆయిల్ ఉంటుంది. ఆయిల్ నలగదు, కాబట్టి ఇక్కడ తొక్కిన బలం అక్కడ చక్రం దగ్గర తేలుతుంది. మధ్యలో శనగగింజంత గాలి చేరిందా, తొక్కిన బలమంతా అదే మింగి కూర్చుంటుంది. కాలి కింద పెడల్ దూదిలా మెత్తగా దిగిపోతుంది. ఆ గాలిని తీయడానికి పాతకాలం నుంచీ ఉన్న పద్ధతికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు సీట్లో, ఒకరు బండి కింద. కిందనున్న మనిషి “తొక్కు, తొక్కు, తొక్కు, పట్టు!” అంటాడు. పైనున్న మనిషి మూడుసార్లు తొక్కి, ఆపైన కాలు నొక్కిపట్టి ఉంచాలి. అప్పుడు కింద చక్రం వెనక ఉండే నిపిల్‌ని, అంటే మధ్యలో రంధ్రం ఉన్న వేలెడంత స్క్రూని, పానాతో పావు చుట్టు తిప్పుతారు. గాలీ ఆయిలూ కలిసి తుస్సుమని బయటపడతాయి. పైన పెడల్ నేలదాకా దిగిపోతుంది. దిగినా సరే, కాలు అక్కడే ఉండాలి. కింద నిపిల్ మళ్లీ బిగించి “వదులు” అన్నాకే ఎత్తాలి. బిగించకముందే ఎత్తితే, తెరిచి ఉన్న ఆ రంధ్రంలోంచి పైపు బయటి గాలిని గుటుక్కున లోపలికి లాక్కుంటుంది. గాలి తీద్దామని కూర్చుని, గాలి ఎక్కించి లేచినట్టవుతుంది.

పద్దెనిమిదేళ్ల కిందట సరిగ్గా అదే జరిగింది.

అప్పుడు మెకానిక్కు మా పెదనాన్న. పెద్దమ్మకి ఈ పనితో సంబంధం లేదు. ఇంటి ముందు ఖాళీ స్థలంలో ఆయన ఎవరిదో వ్యాను బాగుచేస్తూ, పెడల్ తొక్కడానికి మనిషి లేక ఆమెని పిలిచాడు. ఆమె పొయ్యి కట్టేసి వచ్చి సీట్లో కూర్చుంది. మూడు చక్రాలు సవ్యంగా అయ్యాయి. నాలుగో చక్రం దగ్గర “పట్టు” అన్నాడు. పట్టింది. నిపిల్ తిప్పాడు. ఒక్క క్షణం ఆగి కింద నుంచి “వదులు” అని వినిపించింది. ఆమె కాలు ఎత్తింది.

నిపిల్‌కి గొట్టం తగిలించి చివర ఆయిల్ సీసాలో ముంచి ఉంటే, వెనక్కి లాక్కోవడం కంటికి కనిపించి వెంటనే తెలిసేది. పెదనాన్నకి అంత ఓపిక లేదు, గుడ్డపీలిక అడ్డం పెట్టి కానిచ్చేశాడు. లేచి చేతులు దులుపుకుని, ఎలా ఉందో చూసొస్తానని బండి తీశాడు. పెద్దమ్మ కట్టేసిన పొయ్యి మళ్లీ వెలిగించేలోగా కబురు వచ్చింది. దిగుడు రోడ్డులో బ్రేకు పడలేదు. కడుతున్న ఇంటి ముందున్న ఇసుక గుట్టలోకి బండిని పోనిచ్చాడు కాబట్టి ప్రాణం దక్కింది. ఎడమ కాలు మోకాలి దగ్గర విరిగింది, అది ఇక మడత పడలేదు.

ఆసుపత్రి మంచం మీద ఆయన అందరికీ ఒకటే చెప్పాడు. “నేను పట్టమన్నాను. అది వదిలేసింది.”

“మీరు వదులు అన్నారు,” అంది పెద్దమ్మ.

“నిపిల్ తెరిచిపెట్టుకుని వదులు అని ఎవడంటాడే? నాకేమన్నా పిచ్చా?”

చూడటానికి వచ్చినవాళ్లంతా ఆయన కట్టు వంక చూసి తలలూపారు. ఇన్నేళ్లుగా ఈ పనే చేస్తున్న మనిషి అలా ఎందుకంటాడు? అప్పట్నుంచి మా చుట్టాల్లో అదొక ఊతపదమైపోయింది. పాలు పొంగిపోయినా, గాజు గ్లాసు పగిలినా, ఎవరో ఒకరు నవ్వుతూ “పట్టమంటే వదిలేసే రకం” అనేవారు. మళ్లీ ఆ నోటితోనే ఆమెని పట్టిన పట్టు వదలని మొండి మనిషి అని తిట్టేవారు. రెండిట్లో ఏదో ఒకటి తేల్చుకోండి అని అడగాలని నాకు నోటిదాకా వచ్చేది. నేనప్పుడు స్కూల్లో ఉన్నాను, అడిగితే వీపు పగిలేది.

పెద్దమ్మ మాత్రం ఏడవలేదు, దణ్ణం పెట్టి ఒప్పుకోనూ లేదు. ఆ తుక్కైపోయిన బండి నుంచి నాలుగో చక్రం బ్రేకు ముక్కని అడిగి తెచ్చుకుంది. ఎక్కడో పాత మాస్టర్ సిలిండర్, అంటే పెడల్ నొక్కితే ఆయిల్‌ని తోసే భాగం, ఒకటి సంపాదించింది. రెండిటినీ పైపుతో కలిపి వంటింటి గట్టు మీద బిగించింది. గిన్నెల పక్కన బ్రేకు ఆయిల్. అది పెయింటుని తినేస్తుందని ఆమెకి అప్పటికి తెలియదు, అలమర తలుపు మీద రంగు ఆకుల్లా ఊడిపోయింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. ఎందుకు అలా ఉంచావని అడిగితే, నా సర్టిఫికెట్ అది అంటుంది.

ఓ చేత్తో నొక్కి, ఓ చేత్తో నిపిల్ తిప్పి, నెలల తరబడి చూసింది. కాలు ముందే ఎత్తితే గాలి లోపలికి పోతుందన్న మాట నిజమేనని ఆమెకి మొదటి రోజే తెలిసిపోయింది. అంటే తన కాలు తప్పు చేసింది. “చేసింది, కాదనను. కానీ ఆ కాలికి చెప్పిందెవరు?” అని గోడతో అన్నట్టు అనేది. ఒక మధ్యాహ్నం పానా పెట్టి తిప్పుతుంటే నిపిల్ అటూ ఇటూ ఊగింది. దాని మర అరిగిపోయి ఉంది. అది చూసి ఆమె నోటి నుంచి తనకి తెలియకుండానే మాట వచ్చింది.

“వదులు.”

అంతే. పానా చేతిలో పట్టుకునే పెదనాన్న మంచం దగ్గరికి పరిగెత్తింది. “మీరు నన్నన్లేదు! నిపిల్‌ని అన్నారు! అది వదులుగా ఉందని అన్నారు. నేను కాలు వదలమన్నారనుకున్నాను. అంతేనా? అంతే కదా?”

ఆయన ఆమె చేతిలో పానా వంక చూశాడట. “నేనేమీ అన్లేదు,” అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆయనకి ఆ క్షణంలో గుర్తొచ్చిందని పెద్దమ్మకి తెలుసు. ఆమెకి తెలుసని ఆయనకీ తెలుసు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఆ మాట పోయింది. తనకి కావలసింది ఒక్కటే అని ఆమె నాతో ఎన్నోసార్లు చెప్పింది. ‘అన్నాను’ అని ఆయన నోటితో ఒక్కసారి, ఎవరి ముందు నింద వేశాడో అలాంటి నలుగురి ముందు అనాలి. క్షమాపణలూ గిమాపణలూ అక్కర్లేదు.

కాలు బాగుపడ్డాక ఆయనకి మా షెడ్డు గేటు దగ్గర స్టూలు ఇచ్చారు. వచ్చే బండి, పోయే బండి రాసుకోవడం పని. పెద్దమ్మ రోజూ అన్నం కారియర్ తెచ్చేది. అప్పట్లో షెడ్డుకి పెద్ద ఒక ముసలి మేస్త్రి. ఒకరోజు ఆమె వచ్చేసరికి, ఒక వ్యాను క్లచ్చు పైపులో గాలి పోక, పొద్దున్నుంచీ ముగ్గురు మగవాళ్లు వంతులేసుకుని తొక్కుతున్నారు. ఆమె కారియర్ గేటు దగ్గర పెట్టి కాసేపు చూసింది.

“గాలికి పైకి పోవడమే తెలుసు. మీరంతా కలిసి దాన్ని కిందికి లాగుతారేంటండీ?” అంది.

ముసలి మేస్త్రి ఆమెని ఎగాదిగా చూసి, “అయితే నువ్వు చెయ్యమ్మా,” అన్నాడు. ఎగతాళిగానే అన్నాడు. పెద్దమ్మ పశువులకి వేసే పెద్ద సిరంజి తెప్పించింది. నిండా ఆయిల్ పట్టి, కింది నిపిల్‌కి గొట్టంతో తగిలించి, మెల్లగా పైకి ఎక్కించింది. పైన ఆయిల్ డబ్బాలో గుడగుడమని బుడగలు తేలాయి, ఒకటి, పది, ఆపైన లెక్కలేదు. పెడల్ గట్టిపడింది. ముసలి మేస్త్రి తనే ఎక్కి మూడుసార్లు తొక్కి చూసి దిగాడు. “రేపట్నుంచి కారియర్లు రెండు తెచ్చుకో,” అన్నాడు. అదే ఆమెకి ఉద్యోగ పత్రం. ‘బుడగలమ్మ’ అన్న పేరు కూడా ఆ రోజే పడింది.

ఆ తర్వాత ఆమె నేర్చుకోని పద్ధతి లేదు. నిపిల్ తెరిచి, ఆయిల్‌ని దాని బరువుకే కారనివ్వడం ఒకటి, దానికి కావలసింది ఓపికే. చేతి పంపుతో కింది నుంచి పీల్చడం ఒకటి. అయితే ఆ పంపు మర సందుల్లోంచి కూడా గాలి లాగి దొంగ బుడగలు చూపిస్తుందని, దాన్ని నమ్మి రాత్రిదాకా లాగుతూ కూర్చోవద్దని చెప్పేది. పై నుంచి ఒత్తిడి పెట్టే యంత్రం వస్తే దాన్నీ పట్టేసింది. ఏది చేసినా చివరికి ఇద్దరు మనుషుల పాత పద్ధతిలోనే సరిచూసేది. నేను షెడ్డులో చేరాక ఆమెకి తొక్కే మనిషిని నేనే. ఆమె మాటలు వేరు. తొక్కు, పట్టు, తెరిచా, మూశా, ఎత్తు. ప్రతి మాటా నేను తిరిగి అప్పజెప్పాలి. ‘పట్టు’ అంటే ‘పట్టా’ అనాలి. అనకపోతే ఆమె పానా ముట్టుకోదు.

ముసలి మేస్త్రి పని మానేసి వెళ్లిపోయాక కొత్త ఫోర్‌మన్ వచ్చాడు. చంకలో ఎప్పుడూ అట్ట, అట్టకి బండ్ల తనిఖీ కార్డులు, కార్డు మీద టిక్కులు. నేను అప్పజెప్పడం విని మొదటి రోజే నవ్వాడు. “ఇదేమన్నా ఒకటో తరగతా మేడం?” అన్నాడు. అది పర్వాలేదు. రెండో వారంలో గేటు దగ్గర టీ తాగుతూ మా పెదనాన్నతో మాట కలిపాడు. మా పెదనాన్న, అలవాటైన ఆ కథని అలవాటైన చోట నవ్వుతూ చెప్పాడు. పట్టమంటే వదిలేసింది సార్, చూడండి నా కాలు.

మర్నాడు ఫోర్‌మన్ పెద్దమ్మని పిలిచి, “బ్రేకులు ఇక నేను చూసుకుంటా. మీరు ఫిల్టర్లు కడగండి,” అన్నాడు. కారణం అడిగితే, “మీ కాలు చరిత్ర విన్నాను లెండి,” అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. తిన్నగా గేటు దగ్గరికి వెళ్లి, “ఏం పెదనాన్నా, కడుపు నిండిందా?” అన్నాను. ఆయన తల వంచుకుని బండి నంబర్లు రాసుకున్నాడు. పెద్దమ్మ మాత్రం డీజిల్ తొట్టి ముందు కూర్చుని ఫిల్టర్లు కడిగింది. కడిగిన ప్రతి ఫిల్టరునీ, అదేదో ఫోర్‌మన్ మెడ అన్నట్టు, గట్టిగా పిండి పక్కన పెట్టింది.

ఇలా పదకొండు రోజులు గడిచాయి. పన్నెండో రోజు మధ్యాహ్నం షిఫ్టు వేళకి ఏడో నంబరు వ్యాను డ్రైవరు నా కిటికీ దగ్గరికి వచ్చి, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

“ఆ బండికి పొద్దున ఫోర్‌మన్ సారే గాలి తీశారు. నేనే తొక్కాను. కానీ పెడల్ మెత్తగా ఉందమ్మా. చెబితే, కొత్త ప్యాడ్లు కదా, రెండ్రోజులు అలాగే ఉంటుంది పో అంటున్నారు. పదహారుమందిని ఎక్కించుకుని గుట్ట దిగాలి నేను.”

నేను పెద్దమ్మని పిలిచాను. ఆమె చేతులు తుడుచుకుని, ఎవరినీ అడగకుండా ఏడో నంబరు ఎక్కి పెడల్ తొక్కింది. మొదటిసారి నేలదాకా దిగింది. రెండోసారి సగంలో ఆగింది. మూడోసారి గట్టిగా పైనే నిలబడింది. తొక్కేకొద్దీ పైకొస్తోందంటే లోపల గాలి ఉందని అర్థం, ఆ సంగతి అప్పటికి నాకూ తెలుసు. పెద్దమ్మ తాళంచెవి లాగి కోటు జేబులో వేసుకుంది. వెనక్కి తిరిగి, “అందరూ దిగండమ్మా, ఈ బండి కదలదు,” అంది.

పదహారుమంది పనివాళ్లు టిఫిను డబ్బాలతో దిగి చుట్టూ మూగారు. ఫోర్‌మన్ పరిగెత్తుకొచ్చాడు. వెనకే మేనేజరు.

“తాళం ఇవ్వండి మేడం. కార్డు మీద నా సంతకం ఉంది,” అన్నాడు ఫోర్‌మన్.

“మీ సంతకాన్ని తొక్కితే బండి ఆగుతుందా సార్?”

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. మేనేజరు గడియారం చూసుకున్నాడు. “ఏమ్మా, గాలి లేదని తేలితే?”

“రేపట్నుంచి షెడ్డు గేటు దాటను. ఉందని తేలితే బ్రేకుల పని నాది, ఫిల్టర్లు సార్ కడుగుతారు.”

ఫోర్‌మన్ ముఖం ఎర్రబడింది. “నేను తీసినప్పుడు చుక్క గాలి లేదు. ఇప్పుడు ఉందంటే ఈవిడ తొక్కినప్పుడే వచ్చుంటుంది. ఈవిడ కాలు సంగతి ఎవరికి తెలియదు? కట్టుకున్న మొగుడే చెప్పాడు. అడగండి, అదుగో!”

అందరి తలలూ గేటు వైపు తిరిగాయి. పెదనాన్న స్టూలు మీద నుంచి లేచి నిలబడ్డాడు. నేను పెద్దమ్మ ముఖం చూడలేకపోయాను. ఆమె మాత్రం ఫోర్‌మన్ వైపే తిరిగింది.

“సరే. నేను బండి ముట్టుకోను. మీరే తియ్యండి సార్, పొద్దున ఎలా తీశారో అలాగే, అదే డ్రైవరుతో. నిపిల్‌కి గొట్టం ఒకటి పెట్టండి, చివర సీసాలో ఆయిల్‌లో మునిగి ఉంటుంది. సీసా మా పిల్ల పట్టుకుంటుంది. అందరూ చూస్తారు.”

ఫోర్‌మన్ ఒప్పుకోక ఏం చేస్తాడు? అట్ట మేనేజరు చేతికిచ్చి, ఎడమ వైపు వెనక చక్రం కిందికి దూరాడు. డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. నేను గాజు సీసా పైకెత్తి పట్టుకున్నాను.

“తొక్కు, తొక్కు, తొక్కు, పట్టు!”

నిపిల్ తిరగగానే సన్నటి గొట్టంలో బుడగలు చీమల బారులా నడిచి వచ్చి సీసాలో బుడబుడలాడాయి. “అబ్బో!” అన్నారు జనం. కింద నుంచి ఫోర్‌మన్ బిగించి, కాలు ఎత్తించి, కంగారుగా “అదే, ఆఖరిది ఏదో మిగిలింది, అంతే. మళ్లీ తొక్కు, తొక్కు, తొక్కు, పట్టు!” అన్నాడు. ఈ మనిషికి పని చేస్తూ తనలో తాను మాట్లాడుకునే అలవాటు ఉందని అప్పుడే గమనించాను. “పానా పడింది... ఆఁ... తిరిగింది... ఇదేంటి, ఇంత వదులు...”

డ్రైవరు కాలు ఎత్తేశాడు.

నా చేతిలోని సీసాలో ఆయిల్ గొట్టంలోకి ఎక్కి, సర్రున చక్రం వైపు పాకింది. వెనక్కి. చిన్న పిల్లలు స్ట్రాతో జ్యూసు లాగినట్టు. అందరూ చూశారు.

“చూశారా?” అంది పెద్దమ్మ. “ఇప్పుడు సీసా ఉంది కాబట్టి ఆయిల్ మింగింది. పొద్దున సీసా లేదు. ఏం మింగి ఉంటుంది?”

“గాలి!” అన్నారు ఇద్దరు ముగ్గురు ఒకేసారి.

ఫోర్‌మన్ బయటికి పాకి వచ్చి డ్రైవరు మీద పడ్డాడు. “ఎందుకెత్తావయ్యా కాలు?”

“మీరే కదా సార్ వదులు అన్నారు! పొద్దున కూడా అన్నారు!”

“నేనెప్పుడన్నాను?”

“అన్నారు, అన్నారు,” అంది జనం.

“అరే, నేనన్నది నిపిల్ వదులుగా ఉందని! నిన్ను కాలు ఎత్తమని కాదు!”

అని, ఏదో గెలిచినట్టు చుట్టూ చూశాడు. తనేం చెప్పాడో ఆయనకి తెలియదు. పద్దెనిమిదేళ్లుగా ఒక మగవాడి నోటి నుంచి రావాలని పెద్దమ్మ కాచుకుని ఉన్న వాక్యం అది. వేరే మగవాడి నోటి నుంచి వచ్చింది. ఆమె ఫోర్‌మన్ వంక చూడనైనా చూడలేదు. గేటు వైపు తిరిగింది. పిలవలేదు, సైగ చేయలేదు, అలా చూస్తూ నిలబడింది.

పెదనాన్న కర్ర ఆనించుకుని, వంగని కాలు ఈడ్చుకుంటూ వచ్చాడు. ఎంతసేపు పట్టిందో. జనం దారి ఇచ్చారు. వ్యాను ముందు ఆగి, పెడల్ వంక చూస్తూ నోట్లో నోట్లో ఏదో అన్నాడు.

“గట్టిగా చెప్పండి,” అంది పెద్దమ్మ. “వెనక నిలబడ్డవాళ్లకి వినపళ్లేదు.”

ఆయన జనం వైపు తిరిగాడు. “నేనూ ఇలాగే అన్నాను. ఆ రోజు. నిపిల్‌ని చూసి వదులు అన్నాను. తను విని కాలు ఎత్తింది. నేను... అన్నానని నాకు తెలుసు.”

నాకు ఏడుపొచ్చింది. కోపమూ పోలేదు. ఇంత చిన్న మాట చెప్పడానికి ఇన్నేళ్లు పట్టిందా, ఎన్ని పాలు పొంగాయి, ఎన్ని గ్లాసులు పగిలాయి అని అరవాలనిపించింది. చేతిలో సీసా ఉంది కాబట్టి ఊరుకున్నాను. మేనేజరు కార్డు మీద ఫోర్‌మన్ సంతకం కొట్టేసి పెద్దమ్మకి అందించాడు.

“ముందు బండి, తర్వాత సంతకం,” అని ఆమె కోటు చేతులు పైకి మడుచుకుంది. నేను అలవాటుగా సీట్లోకి ఎక్కబోయాను. ఆమె నన్ను చేత్తో ఆపింది. “నువ్వు సీసా పట్టుకో. ఆయన ఎక్కుతారు. కుడి కాలు బాగానే ఉందిగా.”

పెదనాన్న కర్ర పక్కన ఆనించి ఎక్కి కూర్చున్నాడు. ఆమె డబ్బాలో ఆయిల్ నింపి, చక్రం కిందికి దూరింది. ఆ షెడ్డులో పని మాటలకి ‘అండి’లు ఉండవు. పెళ్లయినప్పట్నుంచి ఆయన్ని మీరు తప్ప మరో మాట అనని మనిషి, కింద నుంచి గట్టిగా అంది.

“తొక్కు.”

“తొక్కా,” అన్నాడాయన.

“పట్టు.”

“పట్టా.”

“తెరిచా.”

“తెరిచావ్.”

బుడగలు వచ్చాయి. మళ్లీ తొక్కించింది. తగ్గాయి. అయిదోసారికి గొట్టంలో ఒక్కటి కూడా లేదు, తేనె రంగు ఆయిల్ మెల్లగా సాగి సీసాలోకి జారింది. “మూశా,” అంది. “మూశావ్,” అన్నాడు. ఇక ఎత్తు అనాలి. అనలేదు. పానా కిందపెట్టి, గుడ్డ తీసి, నిపిల్ చుట్టూ తీరిగ్గా తుడవడం మొదలుపెట్టింది. పైన ఆయన మోకాలు వణుకుతోంది, నాకు కనిపిస్తోంది. చెమట కూడా పట్టింది.

“ఎత్తనా?” అని అడిగాడు చివరికి.

“చెప్పేదాకా పట్టు. నేను పద్దెనిమిదేళ్లు పట్టాను.”

ఆయన పట్టాడు.